చిటికెడు క్వినోలిన్

నీలంగా వెలగాల్సిన మందు చీకటిలో చీకటిలాగే ఉండిపోయింది.

ఎస్తర్ రాణి కిటికీ తలుపులు ఇంకా గట్టిగా మూసి మళ్లీ చూసింది. గాజు గ్లాసులో నీళ్లు. అందులో సీసాలోంచి తీసిన చిటికెడు తెల్ల పొడి. పైన నాలుగు చుక్కల నిమ్మరసం. నర్సు వేషానికి వేసుకున్న యూనిఫాం జేబులోంచి పెన్ను తీసి మూత తిప్పింది. అది పెన్ను కాదు, యూవీ టార్చి. ఫ్రిజ్‌లో ఉండాల్సిన మందు పులుపు తగిలితే ఆ కిరణాల్లో గ్యాస్ మంటలా నీలంగా వెలుగుతుంది. ఇది వెలగలేదు.

వేలి కొసతో కాస్త తీసి నాలిక మీద పెట్టుకుంది. తియ్యగా ఉంది.

గ్లూకోజు!

రెండో సీసా చూసింది. గ్లూకోజు. మూడోది, నాలుగోది, అట్టడుగున ఉన్నది... అన్నీ గ్లూకోజే. ఫ్రిజ్ తాళం చెదరలేదు. సీసాల సీళ్లు చెక్కుచెదరలేదు. రాత్రి చిట్టిరాజు నరంలోకి ఎక్కించింది కూడా ఇదే పొడి.

చిట్టిరాజు గూఢచారి విభాగంలో ఆమె పార్ట్‌నర్. విదేశీ ముఠా జాడ కోసం ఏజెన్సీ గ్రామాల్లో పసుపు వ్యాపారి వేషంలో వారాల తరబడి తిరిగాడు. జాడ దొరికింది, జ్వరం కూడా దొరికింది. మామూలు మలేరియా కాదు. గట్టి మందైన ఆర్టిసునేట్‌కి సైతం లొంగని కొత్త రకం. ఇప్పుడతను నర్సీపట్నంలోని ఈ పాత మిషన్ డిస్పెన్సరీలో, కొత్త మందు పరీక్షించే ట్రయల్ వార్డులో, కళ్లు తేలేసి పడున్నాడు. దేశంలో ఆ జ్వరాన్ని దించగల మందు ఒక్కటే. దాని పేరు టీక్యూ-7. అది ఈ ఫ్రిజ్‌లోనే ఉండాలి.

"సాయంత్రం దాకా ఆగడమ్మా," అన్నాడు డ్యూటీ డాక్టరు, అతని కనురెప్ప ఎత్తి చూసి. "మెదడుకి ఎక్కేసింది."

పక్క మంచం మీద సీతాలు అనే కొండ పిల్ల అలాగే మూలుగుతోంది. తల్లి సోమలమ్మ తడిగుడ్డ పిండుతూ ఎస్తర్ చెయ్యి పట్టుకుంది.

"సూదేసీసినారు గదమ్మా! మా గుంటకి ఒళ్లింకా కాలిపోతంది. బేగి తగ్గిపోద్దని సెప్పినారు. ఏటయ్యింది?"

ఎస్తర్ తడిగుడ్డ అందుకుని పిల్ల నుదుటి మీద వేసింది. తుపాకీ గురిపెట్టిన వాడికి జవాబు చెప్పడం ఆమెకు తెలుసు. ఈ ప్రశ్నకు తెలియదు.

అప్పుడే డాక్టర్ జాన్ ప్రసాద్ లోపలికొచ్చాడు. టీక్యూ-7ను డిజైన్ చేసిన కెమిస్టు ఆయనే. ఇక్కడి సంఘంలోనే పుట్టి పెరిగినవాడు. ఆదివారం కదా, ఇస్త్రీ తెల్ల చొక్కా, చేతిలో కీర్తనల పుస్తకం.

"అన్నీ మార్చేశారు సార్," అంది ఎస్తర్.

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. కీర్తనల పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాడు.

"మీకు తెలుసా అమ్మా," అన్నాడు, "ఈ మందుకి మూలమైన క్వినోలిన్ అంటే పెద్ద విశేషమేమీ కాదు. పక్కపక్కన అతుక్కున్న రెండు ఆరుమూలల ఉంగరాలు. ఒకదాంట్లో ఒక మూల కార్బన్ బదులు నైట్రోజన్ కూర్చుంటుంది. అంతే. సింకోనా చెట్టు బెరడులో ఉన్న క్వినైన్‌కి మూలం అదే. క్లోరోక్విన్, ప్రైమాక్విన్ అన్నీ ఆ ఇంటి పిల్లలే. మలేరియా పురుగు మన రక్తాన్ని తింటుంది. తినగా మిగిలిన ఇనుప ముక్క దానికే విషం. అందుకని దాన్ని గట్టి గడ్డల్లా కట్టి మూల పడేస్తుంది. మన ఉంగరం వెళ్లి ఆ గడ్డ కట్టనివ్వదు. పురుగు తన ఎంగిలి విషంతో తనే చస్తుంది."

"మరి కొత్త రకం?"

"అది తెలివిమీరింది. మందు లోపలికి రాగానే బయటికి తోడేస్తుంది. నేను ఉంగరానికి ఒక తోక తగిలించాను. ఆ తోక వెళ్లి తోడే పంపుకి అడ్డం పడుతుంది." ఆయన ఒక సీసా చేతిలోకి తీసుకున్నాడు. "ముప్పై ఏళ్ల పని!"

"మళ్లీ ఎన్నాళ్లలో తయారుచేస్తారు?"

"పాలు ఉంటే సరిపోదమ్మా, తోడు పెరుగు కూడా ఉండాలి కదా? ఇదీ అంతే. పాత బ్యాచ్ స్ఫటికాలు చిటికెడు వేస్తేనే కొత్త బ్యాచ్ సరైన రూపంలో గడ్డకడుతుంది. లేకపోతే నీళ్లలో కరగని రాయి తయారవుతుంది. కరగని మందు రక్తంలోకి ఎలా వెళ్తుంది? ఆ తోడు కూడా ఈ సీసాల్లోనే ఉంది."

అంటే పోయింది మందు ఒక్కటే కాదు. మందు పుట్టుక కూడా.

ఆయన కళ్లు తుడుచుకుని లేచాడు. "ప్రార్థన తప్ప దారి లేదు," అని చర్చి వైపు నడిచాడు.

ఎస్తర్ ఫోన్ వణికింది.

"సంతలో పసుపెలా ఉంది?" అంది అవతలి గొంతు.

"కొమ్ములు బాగున్నాయి, దుంపలు పుచ్చాయి."

"విను." ఆ గొంతు ఆమె చీఫ్‌ది. డిపార్టుమెంటులో ఆయన్ని మేస్త్రీ అంటారు. "కోరల్ ముఠా మనిషి మీ ఊళ్లో దిగాడు. మందుల రహస్యాలు ఎత్తుకెళ్లి, పేటెంటు చేయించి, ఎత్తుకెళ్లిన దేశానికే అమ్మే ముఠా అది. సరుకు ఇంకా ఊరు దాటలేదు. గంజాయి చెక్‌పోస్టుల పుణ్యమా అని నక్కపల్లి హైవే దాకా ప్రతి సంచీ విప్పి చూస్తున్నారు."

"మరెలా దాటిస్తారు?"

"ఈ రోజు చర్చిలో కోత పండుగ. కానుకలు వేలం వేస్తారు. అందులో ఒక కానుక కడుపులో మన సరుకుంది. ముఠావాడు వేలంలో కొనుక్కుని, దీవెన తీసుకుని, దర్జాగా కారెక్కుతాడు. చర్చి కానుకని ఏ కానిస్టేబులూ కోసి చూడడు."

"ఏ కానుక?"

"తెలీదు."

"పోలీసుల్ని దింపి అన్నీ చీల్చేద్దాం సార్. ఇక్కడ చిట్టిరాజు..."

"ముఠావాడి దగ్గర తుపాకీ ఉంది. షామియానా కింద పిల్లాజెల్లా ఉన్నారు. పైగా ఫ్రిజ్ తాళం తీసిన ఇంటిదొంగ ఎవరో తెలీదు. వాడు దొరక్కపోతే రేపు ఇంకో సీసా పోతుంది. చర్చిలో మన మనిషి ఒకామె ఉంది. కోడ్ పేరు మల్లె. ఈ కబురంతా తనదే. తనే నిన్ను గుర్తుపడుతుంది."

"నమ్మొచ్చా?"

"రెండు వైపులా జీతం తీసుకుంటుంది. ఏ రోజు ఏ వైపుంటుందో నాకూ తెలీదు."

ఎస్తర్ యూనిఫాం విప్పేసి తెల్ల చీర కట్టుకుంది. చెవిలో శనగగింజంత రిసీవర్ పెట్టుకుంది. వెళ్లేముందు చిట్టిరాజు చెయ్యి ముట్టుకుంది. పెనం మీద చెయ్యి పెట్టినట్టుంది.

"నేనొచ్చేలోపు చచ్చావంటే చంపేస్తాను," అంది.

* * *

చర్చి ఆవరణ జాతరలా ఉంది. అరటి గెలలు, చెరకు గడలు, కాళ్లు కట్టేసిన కోడిపెట్టలు, పసుపు కొమ్ముల బుట్టలు, ధాన్యం బస్తాలు మెట్ల మీద గుట్టగా పోశారు. వెనక పొయ్యి మీద, సంఘమంతా కలిసి తినే ప్రేమ విందు సాంబారు తుకతుక ఉడుకుతోంది. సంఘపెద్ద మార్కు మైకు పట్టుకుని వేలం పాడిస్తున్నాడు.

"ఈ పుంజుని సూడండి బాబూ! పొద్దున్న కూసిందంటే నాతవరంలో లెగాల! పాడండి, పాడండి!"

నాతవరం ఆటో డ్రైవరొకడు పాడుకున్నాడు.

"మూడోసారి! నీదే! ఇంటికా, దేవునికా?"

"దేవునికే!" అన్నాడు డ్రైవరు. అందరూ చప్పట్లు కొట్టారు. పుంజు మళ్లీ వేలానికొచ్చింది.

అది అక్కడి పద్ధతి. పాడుకున్నవాడు వస్తువు ఇంటికి తీసుకెళ్లొచ్చు. తప్పేమీ లేదు. కానీ పాట సొమ్ము కట్టేసి, వస్తువు కూడా తిరిగిచ్చేస్తే మళ్లీ పాడిస్తారు. అది మర్యాద. తుని దగ్గర మిషన్ కాంపౌండులో పెరిగిన ఎస్తర్‌కి అది కొత్త కాదు. కలిగినవాళ్లు 'ఇంటికి' అనడం ఆమె ఎన్నడూ వినలేదు.

ముందువరసలో ప్లాస్టిక్ కుర్చీలో ఎర్రగా కందిపోయిన ముఖంతో ఒక విదేశీయుడు కూర్చున్నాడు. బ్రదర్ లూకాస్ అట, అతిథి. పక్కన అతని దుబాసీ జెన్నీ. లేత గులాబీ క్రేప్ చీర, నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్. ఆవరణలో సగంమంది మగవాళ్లకి వేలం వినపడ్డం మానేసింది.

చివరివరసలో జాన్ ప్రసాద్ తలవంచుకుని ఉన్నాడు. పాపం అనుకుంది ఎస్తర్. లోపల గడియారం కొట్టుకుంటూనే ఉంది. ఏ కానుక? ఎవరు?

మార్కు వంగి ఒక బూడిద గుమ్మడికాయ ఎత్తాడు. పొట్టకి ఆనించుకున్నాడు.

"వడియాలు పెట్టుకుంటే ఏడాది తినొచ్చు! పాడండి!"

ఎస్తర్ చూపు ఆగిపోయింది. బూడిద గుమ్మడి ఎత్తుకుంటే చొక్కా నిండా తెల్ల బూడిద అంటుతుంది. మార్కు నల్ల కోటు నల్లగానే ఉంది. ఆ కాయ మీది బూడిదని ఎవరి చేతులో తుడిచేశాయి. చాలాసేపు పట్టుకుని పనిచేశారు. తొడిమ చుట్టూ వెంట్రుకవాసి గీత కనపడింది.

దొరికింది! కాళ్లు వాటంతటవే లేవబోయాయి. పళ్లు బిగించి కూర్చుంది. ఒక్క పాట. ఒక్క పాట ఆగితే కొనేవాడు బయటపడతాడు.

లూకాస్ చెయ్యెత్తాడు. అతిథి పాడాడని మిగతావాళ్లు మర్యాదగా తగ్గారు.

"మూడోసారి! దొరగారిది! ఏటండీ, ఇంటికా, దేవునికా?"

లూకాస్ అయోమయంగా జెన్నీ వైపు చూశాడు. జెన్నీ అతని చెవి దగ్గరికి వంగింది. ఆమె చీరలో ఎక్కడో దాచిన మైకులోంచి ఆ ఇంగ్లీషు గుసగుస ఎస్తర్ రిసీవర్‌కి స్పష్టంగా అందింది.

"మీకు ఇక్కడ సంతోషంగా ఉందా అని అడుగుతున్నారు."

"ఎస్! ఎస్!" లూకాస్ పళ్లన్నీ కనపడేలా నవ్వాడు.

"దేవునికే అంటున్నారు," అని జెన్నీ తెలుగులో ప్రకటించింది.

చప్పట్లు మోగాయి. గుమ్మడికాయ తిరిగి మెట్లెక్కింది. లూకాస్ నవ్వు ముఖం మీదే ఎండిపోయింది.

ఈ జెన్నీయే మల్లె! ముఠావాణ్ణి కాదు, ఇంటిదొంగని బయటికి లాగుతోంది.

"పాడండి మరి!"

కోటవురట్ల నుంచి వచ్చిన రైతుని పెళ్లాం మోచేత్తో పొడిచింది. "పాడవయ్యా, వడియాలకి ఏటి బాగుంటాదో!" రైతు పాడాడు. ఒకటోసారి. రెండోసారి.

"నేను!" చివరివరస నుంచి ఒక గొంతు చీలింది. "దానికి రెట్టింపు!"

జాన్ ప్రసాద్ లేచి నిలబడ్డాడు. నుదురు చెమటతో మెరుస్తోంది.

"ఓలమ్మ! మన సైంటిస్టు బాబే! మూడోసారి! ఇంటికా బాబూ, దేవునికా?"

సంఘమంతా తిరిగి చూసింది. నాలుగేళ్లప్పుడు తండ్రి భుజాల మీద కూర్చుని ఈ ఆవరణలోనే చూసిన ముఖాలు, ఆ ముఖాల పిల్లలు. జాన్ ప్రసాద్ నోరు తెరిచాడు.

"దేవునికే."

అనేశాడు. ఆ మరుక్షణం ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. మార్కు అప్పటికే కాయ పైకెత్తాడు. రైతు పెళ్లాం మళ్లీ మోచెయ్యి ఎత్తింది.

"నేనే! నేనే పాడతాను! ఎంతైనా!" జాన్ ప్రసాద్ అరిచాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇదేటి బాబూ!" అన్నాడు మార్కు మైకులోనే. "దేవుడికిచ్చీసి, మళ్లీ దేవుడితోటే బేరమా?"

ఎస్తర్ లేచింది. ఇచ్చేసిన కానుకని ఇచ్చినవాడే వెంటనే పాడడం ఆమె పుట్టిన తర్వాత చూడలేదు. భక్తికి చేసే పని కాదది. కడుపులో ఏముందో తెలిసినవాడు చేసే పని.

"ఒకసారి ఇటివ్వండి పెద్దయ్యా," అని మార్కు చేతిలోంచి కాయ లాక్కుని, రాతి మెట్టుకేసి బాదింది. కాయ రెండు చెక్కలైంది. గుజ్జు స్థానంలో ఒక స్టీలు డబ్బా దొర్లింది.

ఆమె వంగేలోపు ఒక బూటు ఆమె భుజాన్ని తన్నింది. లూకాస్! డబ్బా అతని ఎడమ చేతిలో, పిస్టల్ కుడి చేతిలో. జనం కేకలు పెడుతూ చెదిరిపోయారు. అతను వెనక్కి వెనక్కి నడిచి పొయ్యి దగ్గరికి చేరాడు. డబ్బా మూత బొటనవేలితో తెరిచి, ఉడుకుతున్న సాంబారు మీదుగా చాచాడు.

"ఇంకో అడుగు వేశావా, ఇది సూప్ అవుతుంది," అన్నాడు ఇంగ్లీషులో.

ఎస్తర్ ఆగిపోయింది. పిస్టల్‌కి ఆమె ఎప్పుడూ ఆగలేదు. ఆ డబ్బాకి ఆగింది. అది జారితే చిట్టిరాజు లేడు. సీతాలు లేదు. వాళ్ల తర్వాత ఆ కొండల్లో జ్వరంతో పడబోయే వాళ్లెవరికీ మందు లేదు. సాంబారు ఆవిరి డబ్బాని తడుపుతోంది. ఆమె చేతులు పైకెత్తింది.

"నీకు కావలసింది తీసుకుపో," అంది తనూ ఇంగ్లీషులోనే. "సగం. సగం మాత్రం ఇక్కడ వదిలెయ్. వాళ్లు చచ్చిపోతున్నారు."

లూకాస్ నవ్వాడు. "జెన్నీ! కారు!"

జెన్నీ తీరిగ్గా లేచింది. నల్ల కళ్లద్దాలు తీసి మడిచింది. చీర కుచ్చెళ్లు బురద కాకుండా ఎత్తి పట్టుకుని పొయ్యి దగ్గరికి నడిచింది.

"డబ్బా ఇలా ఇవ్వు," అంది. "దారిలో నీకు రెండు చేతులూ అవసరం."

లూకాస్ ఇచ్చాడు. జెన్నీ మూత టక్కున నొక్కి, తిరిగి చూడకుండా డబ్బాని ఎస్తర్ వైపు విసిరింది.

ఎస్తర్ పట్టుకుంది. లూకాస్ పిస్టల్ జెన్నీ నుదుటి వైపు తిరిగింది. అదే క్షణంలో సాంబారు పొయ్యి దగ్గరే ఉండిపోయిన మార్కు భార్య దయావతి పొడవాటి తెడ్డు ఎత్తి అతని మణికట్టు మీద శక్తికొద్దీ దించింది. పిస్టల్ గాల్లో పల్టీ కొట్టి బుడుంగున సాంబారులో మునిగింది.

"సంఘం అంతా తినే కూడులో ఏటేసినావురా!" అని రెండో దెబ్బ కూడా వేసింది. తర్వాత పని నాతవరం ఆటోవాళ్లు చూసుకున్నారు.

జాన్ ప్రసాద్ పారిపోలేదు. చర్చి మెట్ల మీద, పగిలిన గుమ్మడి చెక్కల పక్కన కూర్చున్నాడు.

"నువ్వు ఈ రోజు ఏ వైపు?" ఎస్తర్ పరుగెడుతూనే అడిగింది.

"ఆదివారం కదా," అంది జెన్నీ లిప్‌స్టిక్ సరిచేసుకుంటూ. "పరిశుద్ధమైన వైపే."

మార్కు తన స్కూటీ తాళం విసిరాడు. "బేగెల్లమ్మా, బేగి!"

* * *

గ్లాసులో నీళ్లు నీలంగా మండాయి. మందు అసలైనదే.

కానీ చిట్టిరాజుకి అప్పటికే ఫిట్స్ మొదలయ్యాయి. ఇద్దరు నర్సులు కాళ్లు పట్టుకుంటే, ఎస్తర్ భుజాలు అదిమింది, డాక్టరు నరం వెతికాడు. దొరకలేదు. మళ్లీ వెతికాడు. దొరకలేదు. సోమలమ్మ తన కూతురి మంచం వదిలి వచ్చి, ఏమీ అడక్కుండా, అతని తల ఒళ్లో పెట్టుకుని కదలకుండా పట్టుకుంది. సూది దిగింది. తర్వాత సీతాలుకి. తర్వాత మిగతా మంచాలకి.

ఆ తర్వాత చెయ్యడానికేమీ లేదు. అదే ఘోరం. తుపాకీ లేదు, శత్రువు లేడు, సెలైను చుక్కలు మాత్రం ఉన్నాయి. ఎస్తర్ మంచం ఇనుప చట్రాన్ని పట్టుకుని కూర్చుంది. ఒకసారి అతని ఊపిరి ఆగినట్టనిపించి లేచి నిలబడింది. ఇంకోసారి నిజంగానే ఆగింది. డాక్టరు రొమ్ము మీద గుద్ది తెప్పించాడు.

ఎండ వాలాక చిట్టిరాజు నుదుటి మీద చెమట పట్టింది. రక్తం చుక్కని మైక్రోస్కోపు కింద చూసిన డాక్టరు, "చస్తున్నాయమ్మా, గుంపులు గుంపులుగా చస్తున్నాయి," అన్నాడు.

ఇంకాసేపటికి చిట్టిరాజు కళ్లు తెరిచాడు.

"ఏటక్కా," అన్నాడు నీరసంగా. "నీ చీరంతా సాంబారు కంపు. బోయినానికెళ్లి నాకేటీ తేలేదా?"

ఎస్తర్ ముఖం పక్కకి తిప్పుకుంది. పక్క మంచం మీద సీతాలు గంజి తాగుతోంది.

* * *

వరండాలో బెంచీకి వేసిన బేడీతో జాన్ ప్రసాద్ కూర్చుని ఉన్నాడు. ఎస్తర్ ఎదురుగా కూర్చుని ఫోన్లో రికార్డింగు నొక్కింది.

"కొండ పిల్ల ఎలా ఉంది?" అన్నాడాయన ముందుగా.

"బతికింది. మీ పుణ్యం కాదు. ఎంతిచ్చారు మీకు?"

"ఏమీ ఇవ్వలేదు. నేను అడగలేదు." ఆయన బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు.

"రాసుకోండి. ఆ మందు అణువు బొమ్మ గీసింది నేనే. ఉంగరం, తోక, అన్నీ నావే. కానీ నీళ్లలో కరిగే ఆ స్ఫటికం నేను చేసింది కాదమ్మా. ఒక వానాకాలం, ఒక్క ఫ్లాస్కులో, తనంతట తానే గడ్డకట్టింది. ఈ సీసాలన్నిట్లో ఉన్నది అదే. ఎందుకో నాకు తెలీదు. తోడు వేస్తే మళ్లీ వస్తుందని మీకు చెప్పాను కదా, పుస్తకాల్లో అలాగే ఉంటుంది. నేను వేశాను. రాలేదు. మళ్లీ మళ్లీ వేశాను. ప్రతిసారీ రాయే. కానీ రిపోర్టుల్లో 'ప్రాసెస్ సిద్ధం' అని రాసేశాను. వచ్చే నెలలో ఫ్యాక్టరీ మొదలవుతుందన్నారు. పెద్దవాళ్లందరి ముందు నిలబడి చేసి చూపించాలి. నాకు చెయ్యడం రాదని తెలిసిపోతుంది. అప్పుడు లూకాస్ వచ్చాడు. దొంగలెత్తుకుపోతే నా చేతకానితనం దొంగల నెత్తిన పడుతుంది కదా అనుకున్నాను. జనం నన్ను చూసి జాలిపడతారు అనుకున్నాను. ఫ్రిజ్ తీశాను, గ్లూకోజు పోశాను, కాయ తొలిచాను. రోగులు పాత మందుతో నాలుగు రోజులు నిలబడతారని నాకు నేను చెప్పుకున్నాను. పొద్దున్న ఆ పిల్లని చూశాను. చూసి కూడా చర్చికి వెళ్లాను. అది రాసుకోండి. అన్నిటికంటే పెద్దది అదే."

"మరి కాయ చేతికొచ్చాక 'ఇంటికి' అని ఒక్క మాట అంటే అయిపోయేది కదా?"

జాన్ ప్రసాద్ మొదటిసారి నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

"అందామనే నోరు తెరిచానమ్మా. అబద్ధపు రిపోర్టులు రాయడం నేర్చుకున్నాను. తాళం తియ్యడం నేర్చుకున్నాను. చావబోయే మనిషికి గ్లూకోజు ఇవ్వడం కూడా నేర్చుకున్నాను. సంఘమంతా చూస్తుండగా 'ఇంటికి' అనడం మాత్రం నాకెవరూ నేర్పలేదు."